‘ఇద్దత్‌లో ఉండాది’

పోయిన వారం మనం మహజబీన్‌ను ధర్మవరం స్టేషన్లో ప్యాసింజరు బండి కోసం నిలబెట్టి వదిలేశాం. చేతిలో ఫోను, ఫోన్లో సగం రాసిన ఒక పేజీ, కడుపులో ఎన్నాళ్లుగానో ఆరని మంట.

ఆ మంట సంగతి ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకు చెప్పాలి కదా. బెంగుళూరులో ఒక లా కాలేజీ వాళ్లు ఆ పిల్లకు ఫీజు లేకుండా సీటు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. పరీక్ష బాగా రాసింది, ఇంటర్వ్యూలో తడుముకోకుండా మాట్లాడింది. ఒక్కటే అడ్డం. ఇంటర్ రెండో ఏడు మధ్యలో చదువు ఎందుకు ఆగిపోయిందో మీ మాటల్లో ఒక పేజీ రాసి పంపండి అన్నారు. రాసింది నిజమో కాదో పాత కాలేజీకి ఫోన్ చేసి కనుక్కుంటామని కూడా అన్నారు. గడువు రేపు సాయంత్రం.

ఎందుకు ఆగిపోయిందంటే, వాళ్ల నాయన గౌస్‌సాబ్ పోయాడు కాబట్టి. ధర్మవరంలో గాజుల అంగడి ఆయనది. కూతురు నల్లకోటు వేసుకోవాలని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి, హిందూపురంలో హాస్టలున్న ప్రైవేటు కాలేజీలో తానే తీసుకెళ్లి చేర్చిన మనిషి, గుండెనొప్పితో వారం మంచాన పడి కన్నుమూశాడు. తల్లి ముంతాజ్ ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి గడువు తీరేదాకా గడప దాటకుండా ఉండే ఆచారం అది. అంగడి తెరవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. మహజబీన్ హాస్టలు నుంచి వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుంది. కాలేజీకి మీ అత్త రాబియా చేత ఫోన్ చేయించినాంలే, సెలవు చెప్పింది, నువ్వేం దిగులు పడొద్దు అని తల్లి అన్నది. మహజబీన్ దిగులు పడలేదు.

ఇద్దత్ తీరాక, ఇప్పుడే ఎందుకులే పాపా అని తల్లి నసుగుతున్నా, పుస్తకాలు సర్దుకుని హిందూపురం వెళ్లింది. పొద్దున ప్రేయర్‌లో వరసలో నిలబడింది. అప్పుడు వైస్ ప్రిన్సిపాల్ మురళి మైకు అందుకుని ఆమె పేరు పెట్టి పిలిచి, వరసలోంచి బయటికి రమ్మన్నాడు. పెళ్లీ పెటాకులూ రెండూ కానిచ్చుకుని మళ్లీ వచ్చి కూర్చోడానికి ఇది సత్రం కాదన్నాడు. కాలేజీ కాలేజీ అంతా విన్నది. ఆమె పేరు ఎప్పుడో కొట్టేశారని, పరీక్షకు కూర్చోనివ్వరని ఆఫీసులో చెప్పారు. ఆమె ధర్మవరం చేరేలోపలే ఆ మాట ధర్మవరం చేరింది. గాజులు వేయించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు చెయ్యి చాపి, పాపం ఎన్నాళ్లు కాపురం చేసినావమ్మా అని అడిగేవాళ్లు. ఆ ఏడాది పోయింది. తర్వాతి ఏడాదీ పోయింది. ఆ తర్వాత ప్రైవేటుగా కట్టి, అంగట్లోనే చదివి, పాసయింది.

ఇంట్లో ఈ మంట ఆరనివ్వకుండా చూసింది ముంతాజే. పొద్దున టీ పొంగుతుంటే చాలు, మురళికి శాపనార్థాలు మొదలు. ఆ మనిషి తీరే వేరు. మొగుడి పేరు ఏనాడూ నోట పలకలేదు. తాను కాపురానికి రాకముందే పోయిన అత్తగారి పేరు పిల్లకు పెట్టారని, కన్నకూతుర్ని కూడా పేరు పెట్టి పిలవదు, ‘పాపా’ అంటుంది. అట్లాంటి మనిషి మురళి పేరు మాత్రం రోజూ కడుపారా పలికేది. బెంగుళూరు వాళ్లు పేజీ రాయమన్న రోజున కూతురి పక్కన కూర్చుని, వాని పేరు ఇంటిపేరుతో సహా రాయి పాపా, వాని బతుకు బజారున పడల్ల అన్నది. మహజబీన్ రాయడం మొదలుపెట్టింది. ఈ సంగతి హిందూపురంలో ఉన్న స్నేహితురాలు అరుణ ఎక్కడో నోరు జారి చెప్పేసింది. మర్నాడే మురళి ఫోన్ చేశాడు. పెనుకొండలో ఉంటాను, ఒక్కసారి రామ్మా, మాట్లాడుకుందాం అన్నాడు.

రానని చెబుతుందని మీరు అనుకుని ఉంటారు. మహజబీన్ అట్లాంటిది కాదు. మనిషి ముఖం చూసి కదా పేరు రాయాల్సింది.

పెనుకొండలో దిగి ఆటో ఎక్కి, దర్గా దాటి కొంతదూరం పోయాక, ఎదురుగా మురళి ముఖమే కనిపించింది. మనిషంత ఎత్తు ఫ్లెక్సీ. ఆ కాలేజీ వాళ్లు ఇక్కడ కొత్త బ్రాంచీ పెట్టారు, దానికి ఆయన ప్రిన్సిపాల్. ఫ్లెక్సీలో కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, పిల్లల భవిష్యత్తు అంతా తన జేబులో ఉన్నట్టు నవ్వుతున్నాడు. మహజబీన్ కాసేపు నిలబడి ఆ నవ్వు చూసింది. లోపల షామియానా కింద కుర్చీలు వేశారు. పిల్లల్ని చేర్పించడానికి గోరంట్ల నుంచీ చెన్నేకొత్తపల్లి నుంచీ వచ్చిన తల్లిదండ్రులు వాటినిండా కూర్చున్నారు. ఇంకాసేపట్లో ప్రిన్సిపాల్‌గారు మాట్లాడతారని ఎవరో చెప్తున్నారు. మంచి రోజే పిలిచాడు అనుకుంది ఆమె.

ఆఫీసు గదిలో కొత్త సున్నం వాసన. మురళి లేచి కుర్చీ చూపించాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తగానే ఉంటుంది. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు, టీ తెప్పించనా అని అడిగాడు.  అప్పుడు అసలు సంగతికి వచ్చాడు. చదువు ఆగిపోయిందని చెప్పుకోడానికి గొడవలన్నీ ఎందుకు, కామెర్లు వచ్చాయని రాసెయ్, తెలిసిన డాక్టరున్నాడు సర్టిఫికెట్ ఇప్పిస్తాను, వాళ్లు ఫోన్ చేస్తే నేనూ కామెర్లనే చెప్తాను అన్నాడు. అందరూ అదే రాస్తారమ్మా అని కూడా అన్నాడు.

అది మాత్రం నిజమే. మన దగ్గర పరీక్ష తప్పిన పిల్లవాడికీ, ప్రేమలో పడిన పిల్లవాడికీ, క్రికెట్టులో పడిన పిల్లవాడికీ అప్లికేషన్ దగ్గరికి వచ్చేసరికి కామెర్లే వస్తాయి. ఇంతమంది పచ్చబడి ఉంటే జిల్లాలో ఆకుపసరు దొరికేది కాదు.

“నాకు కామెర్లు రాలేదు సార్,” అన్నది మహజబీన్. “మా నాయన పోయినాడు.”

మురళి తల దించుకున్నాడు. అప్పుడే మైకు సెట్టు ఆయన లోపలికి వచ్చి, కార్డ్‌లెస్ రెడీ సార్, నొక్కి మాట్లాడడమే అని మైకు బల్ల మీద పెట్టి వెళ్లాడు. మురళి చెయ్యి చాపేలోపలే అది మహజబీన్ చేతికి వచ్చింది. బొటనవేలు మీట మీద పెట్టింది. బయట ఏదో పిల్ల ఏడుస్తోంది, తల్లి ఊరుకోబెడుతోంది. గోడకు అవతలే అందరూ ఉన్నారు.

“అది ఇచ్చెయ్యి తల్లీ,” అన్నాడు మురళి.

ఆమె ఇవ్వలేదు. ఆ పొద్దు మైకులోనే కదా అన్నావు, ఈ పొద్దు నేనూ మైకులోనే చెప్తా, నీ దగ్గర ఆడపిల్లల్ని చేర్పిస్తే ఏమైతాదో ఈళ్లకు గూడా తెలియల్ల కదా అన్నది. అప్పటిదాకా ‘మీరు’ అని పిలిచిన నోరు ‘నువ్వు’లోకి దిగింది. ఆ దిగడంలో ఆమెకు ఎంత సుఖం దొరికిందో చెప్పలేను. ఇన్నాళ్లూ పడుకునే ముందు ఈ క్షణాన్నే ఊహించుకుంటూ నిద్రపోయింది ఆ పిల్ల.

 నేను కావాలని అన్నానా, మీ ఇంటినుంచి ఫోన్ వస్తేనే కదా అన్నాను అని గొణిగాడు మురళి.

“ఎవరో ఒకావిడ ఫోన్ చేసింది. ‘ఇద్దత్‌లో ఉండాది సార్, కాలేజీకి రాదు’ అంది. నాకు ఆ మాటే తెలీదు. మన బస్సు డ్రైవరు అన్వర్‌ని అడిగితే, మొగుడు పోయినా, వదిలేసినా ఆడవాళ్లు కూర్చుంటారు సార్ అన్నాడు. నేనేమనుకోవాలి?”

మహజబీన్‌కు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు వచ్చింది, ఏడుపు నవ్వు. ఇద్దత్‌లో ఉండాది. ఎవరు ఉండాది? అమ్మ. మన తెలుగులో ఎవరన్నది చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది. ఫోన్ అందుకున్న పరాయివాడు కాలేజీలో చదివే పిల్ల అనుకున్నాడు. ఒక్క ‘అమ్మ’ అన్న మాట లేకపోయినందుకు తన బతుకులో రెండేళ్లు కొట్టుకుపోయాయి.

అయినా కోపం తగ్గలేదు, తగ్గనివ్వలేదు. “నన్నొక మాట అడిగింటే నీ సొమ్మేం పోయేది? మైకు పట్టుకునే ముందు అడగచ్చు కదా?”

“నిన్ను అడగలేదు, నిజమే. కానీ మళ్లీ ఫోన్ చేసి ఆవిణ్ని అడిగాను,” అన్నాడు మురళి. “పెళ్లయిందా అమ్మాయికి అని అడిగాను. చాలాసేపు మాట లేదు. లైను కట్టయిందనుకున్నాను. తర్వాత ‘అయిందనుకోండి సార్. పేరు కొట్టేయండి. ఇంక ఫోన్లు చేయొద్దండి’ అంది.”

అయిందనుకోండి. ఇది పొరపాటు మాట కాదు. ఎవరో కావాలనే ఆ పొరపాటును పొరపాటుగానే ఉండనిచ్చారు. మహజబీన్ కళ్ల ముందు ముదిగుబ్బలో ఉండే మేనత్త రాబియా మెదిలింది. ఫోన్ చేసింది ఆమే కదా. అప్పటినుంచి ఆమె సరిగా చెప్పలేదేమోనన్న అనుమానంతో మహజబీన్ ముదిగుబ్బ గడప తొక్కలేదు, వాళ్లింట్లో పెళ్లికి పిలిచినా పోలేదు. ఇప్పుడు అనుమానం కూడా అక్కర్లేదు. రేపు బెంగుళూరుకు పేజీ పంపి, మొదటి బస్సుకు ముదిగుబ్బ వెళ్లి, ఆమె కోడళ్ల ముందు, వియ్యపురాళ్ల ముందు నిలబెట్టి అడగాలని అక్కడికక్కడే నిశ్చయించుకుంది.

మురళి మాత్రం తన గోడు తాను చెప్పుకుపోతున్నాడు. మాటలతో అయినా ఈ పిల్లను మైకుకు దూరంగా ఉంచుదామని కాబోలు.

“అసలు ఎవరి పేరు కొట్టేయాలో తెలుసుకోడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది. పిల్ల పేరు చెప్పమ్మా అంటే చెప్పదు. పోనీ తండ్రి పేరు చెప్పు అంటే అదీ చెప్పదు. ధర్మవరం పాప సార్, హాస్టల్లో కిటికీ పక్క మంచం సార్ అని గుర్తులు చెప్తుంది. ఇంట్లో పిల్ల పేరు తెలీకుండా ఎట్లా ఫోన్ చేశావని కసిరాను కూడా.”

మహజబీన్ బొటనవేలు మీట మీదినుంచి జారిపోయింది.

రాబియా అత్త అయితే వీధి మొదట్లోనే ‘మహజబీనూ’ అని కేక వేసుకుంటూ వచ్చే మనిషి. తన తల్లి పేరు కదా అని ఆ పేరంటే ఆమెకు మురిపెం, పదిసార్లు పలికితే గానీ తృప్తి ఉండదు. ‘మా గౌసు’, ‘మా గౌసు’ అని ఇప్పటికీ తమ్ముణ్ని తలుచుకుని ఏడుస్తుంది. పిల్ల పేరూ పలకని, పిల్ల తండ్రి పేరూ పలకని ఆడమనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఈ పొద్దు తెల్లవారి కూడా టీ పోసి ఇచ్చి, ఆ మురళిగాడిని వదలొద్దు పాపా అని చెప్పి పంపింది.

ఆయన అబద్ధమాడుతున్నాడేమో అనుకోడానికి కూడా దారి లేదు. తాను ఏం చెప్పాడో ఆయనకే తెలియదు. ఆ ఇంట్లో ఎవరు ఎవరి పేరు పలకరో కోస్తా నుంచి వచ్చిన మురళికి ఎట్లా తెలుస్తుంది? ఎవరో తెలివితక్కువ ఆడమనిషి అనుకుని చెప్పాడు.

ఆమె ముఖం చూసి మురళికి ధైర్యం వచ్చింది. అయితే కామెర్లే రాసేద్దామా అని నెమ్మదిగా అడిగాడు.

మహజబీన్ మైకు తిప్పి, పిడి ఆయన వైపు పెట్టి చాపింది.

“ఫోన్లో చెప్పిన అబద్ధం మా ఇంటిది. దాన్ని నేను చూసుకుంటా. మైకులో అన్నది నీది. పోయి తప్పని చెప్పు. చెప్పకపోతే నేను చెప్తా.”

ఇప్పుడా, ఇంతమందిలోనా అన్నాడు. అప్పుడు మాత్రం తక్కువమంది ఉన్నారా అన్నది ఆమె. మురళి ఆమెను చూశాడు, తలుపు చూశాడు. బయట ఎవరో ప్రిన్సిపాల్‌గారూ అని పిలిచారు. వేరే దారి లేక లేచాడు.

స్టేజి ఎక్కి మైకు నొక్కాడు. ఒకప్పుడు తాను ఒక విద్యార్థిని గురించి తెలుసుకోకుండా అందరి ముందు తప్పుగా మాట్లాడానని, ఆ అమ్మాయికి పెళ్లీ కాలేదు, ఏమీ కాలేదని, తండ్రి పోతే ఇల్లు చూసుకోడానికి వెళ్లిందని చెప్పాడు. కింద మెట్ల దగ్గర నిలబడి ఉన్న మహజబీన్ “పేరు,” అన్నది. ఆయన విననట్టు నటించాడు. “పేరు చెప్పు సార్,” అని మళ్లీ అన్నది. ముందు వరసల్లో వాళ్లు తిరిగి చూశారు.

“మహజబీన్,” అన్నాడు మురళి మైకులో. షామియానా కింద నాలుగు మూలలా పెట్టిన బాక్సుల్లోంచి ఆ పేరు వచ్చింది. ఎవరో ఒకాయన, ఆయప్ప చెప్పేది ఎవురి గురించబ్బా అని పక్కవాణ్ని అడిగాడు. గోరంట్ల వైపు ఆడమనిషి ఒకామె కొంగు సర్దుకుని కూతురి చెయ్యి పట్టుకుని లేచి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు లేచారు. వింటే ప్రాణం లేచొస్తుందని ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అది. విన్నది. నోట్లో చేదు మాత్రం పోలేదు.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని పేజీ తెరిచింది. మొదటి వాక్యం తాను ఎంతో ఇష్టంగా రాసుకున్నది. నేను లాయరు కావాలని మొట్టమొదట కోరుకున్నది మా నాయన. రెండో పేరాలో మురళి ఇంటిపేరుతో సహా ఉన్నాడు. తీసేయలేదు. చేసినదానికి ఉండనీ అనుకుంది. ఆ పేరు కింద జాగా వదిలి, ఇంకో పేరు రాయడానికి వేలు పెట్టి, తీసేసింది. బండి ధర్మవరం చేరేదాకా పెడుతూ తీస్తూనే ఉంది. అమ్మకు ఏం తక్కువైంది? ఒంటరిగా ఉండలేకపోయిందా, అయితే ఉండు పాపా అని అడగచ్చు కదా, ఉండేదాన్ని. అంతకంటే దుర్మార్గం, చేసింది తానై ఉండి, రోజూ పొద్దున లేచి ఇంకొకడిని తిట్టడం. తిట్టి తిట్టి తన చేత కూడా తిట్టించడం. మురళి మీది కోపం దీనిముందు ఏపాటిది అనిపించింది.

పొద్దు గుంకి, మగ్రిబ్ నమాజు వేళకు అంగడి చేరింది. ముంతాజ్ నేల మీద కూర్చుని గాజులు రంగులవారీగా దారానికి గుచ్చుతోంది. కూతురి అడుగు వినగానే తలెత్తింది.

“వచ్చినావా పాపా. ఏమన్నాడు వాడు? వాని పేరు రాసినావా, లేదా?”

“రాసినా. ఇంగొకటి రాయల్ల.”

“ఇంగెవరిది?”

మహజబీన్ తల్లి ఎదురుగా కూర్చుంది. ఫోను ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. బండిలో కూర్చుని ఎన్నో మాటలు సిద్ధం చేసుకుంది, కాల్చే మాటలు, కోసే మాటలు. ఒక్కటీ వాడలేదు. వాటికంటే గట్టిగా తగిలేది ఏదో ఆమెకు తెలుసు.

“నువ్వు చెప్తా ఉండు అమ్మా, నేను రాస్తా. ఆ పొద్దు ఫోన్లో చెప్పినట్లే చెప్పు. గుర్తులొద్దు. కిటికీ పక్క మంచం వద్దు. ముందు నా పేరు పలుకు.”

ముంతాజ్ చేతిలో దారం ఆగిపోయింది. బుకాయిస్తుందేమో అనుకుంది మహజబీన్, ఏడుస్తుందేమో అనుకుంది. దేనికైనా జవాబు ఉంచుకుంది. తల్లి ఆ రెండూ చేయలేదు. గాజుల గుత్తి ముడి వేసి పక్కన పెట్టి, లేచి అంగడి తలుపు దగ్గరగా వేసి వచ్చి, మళ్లీ అక్కడే కూర్చుంది. 

“రాయి. నా పేరు రాసుకో, రాయొద్దని అనను. వాణ్ని రోజూ తిట్టింది ఎందుకనుకుంటాండావు? వాణ్ని తిట్టకపోతే ఇంగొకర్ని తిట్టాల్సి వస్తాదని.” ఆమె గొంతు తగ్గింది. “మంచం మీద నా చెయ్యి పట్టుకుని, నేను పోతే అంగడి సూసేదానికి ఎవరుండారు, పాప సదువు ఇంగ సాలు, కాలేజీకి ఫోన్ చేసి పేరు తీసేయమని చెప్పు అని మాట తీసుకున్న మనిషి ఒకరుండారు. ఆ పేరు గూడా నా నోట రాదు పాపా.”

మహజబీన్ ఫోను వైపు చూసింది. పేజీలో మొదటి వాక్యం ఇంకా వెలుగుతోంది.

అమ్మ నోట రాని పేర్లు ఈ లోకంలో రెండే. ఒకటి తనది.